ఉర్దూ వర్సిటీ ఎవరి పేరిట?



కర్నూలు డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయంపై గత సంచికలో వచ్చిన లేఖకు ఇది జవాబు. ఆ పేరు పాకిస్తాన్ వెళ్లిపోయిన భాషావేత్తదని రాశారు. కాదు. ఆ భాషావేత్త హాపూర్ మౌల్వీ అబ్దుల్ హక్, 1961లో కరాచీలో పోయారు. మన వర్సిటీకి పేరిచ్చింది 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాల పెట్టిన మన ఉమ్మడి జిల్లా మనిషి డాక్టర్ అబ్దుల్ హక్. 2016లో వర్సిటీ తొలి తరగతులకు చోటిచ్చింది కూడా ఆ కళాశాలే.

ఆ లేఖలో 'ఒక మతానికి సర్కారు సొమ్మా' అన్న ప్రశ్న మరీ విడ్డూరం. ఉర్దూ భాష, మతం కాదు. వర్సిటీ శాసనసభ చట్టంతో వచ్చింది, ఎవరైనా చేరవచ్చు. తిరుపతిలో సంస్కృత విశ్వవిద్యాలయం సర్కారు సొమ్ముతోనే నడుస్తోంది. అహోబిల నరసింహస్వామి సన్నిధిలో బతికే మాకు అది గర్వకారణం. అదే న్యాయం ఉర్దూకెందుకు వర్తించదు?

అడగాల్సింది వేరే ఉంది. హైదరాబాదులో 1998లో వచ్చిన మౌలానా ఆజాద్ ఉర్దూ వర్సిటీ కేంద్రానిది, దాని నిధులు వేరు. మనది రాష్ట్రానిది, బడ్జెట్ దయ మీద బతకాలి. ఆళ్లగడ్డ, నంద్యాల పిల్లలకు హాస్టలు ఎంతమేరకు ఉందో, శాశ్వత అధ్యాపకులు ఎందరున్నారో మీ విలేకరిని పంపి రాయించండి.

— ఒక పాఠకుడు, అహోబిలం