ఎద్దు మెడపుండుకు మొదటి మందు కాడికే

తొలకరి చినుకు పడగానే రైతు చూపు మొదట ఆకాశము మీదికి పోవును. తరువాత విత్తనము మీదికి, ఎరువు మీదికి పోవును. ఎద్దు మెడ మీదికి మాత్రము పోదు. గుంటక తోలుటకు నాలుగు రోజుల అదును దొరికినపుడు, జతలో ఒక ఎద్దు మెడ వాచి కాడి కిందికి రాకపోయినచో రెండవ ఎద్దు కూడ కొట్టములోనే నిలిచిపోవును. చేలో కలుపు నిలువదు, పెరుగుచునే యుండును. కాబట్టి మెడపుండు ఎద్దుకు కలిగిన బాధ మాత్రమే కాదు, ఆ యింటి సేద్యమునకు కలిగిన నష్టము కూడ.

మెడ పుండు పడినపుడు మనలో చాలమంది చెప్పు మాట ఒకటి ఉన్నది: "ఈ ఎద్దు తోలు మెత్తది, ఏ కాడికీ ఓర్వదు." ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. కోడెప్రాయములో నున్న ఎద్దుకు, చాలకాలము పని లేక యున్న ఎద్దుకు, పుట్టుకతోనే పలుచని చర్మము గల ఎద్దుకు పుండు త్వరగా పడును. అయితే అదే ఎద్దును వేరొక కాడికి కట్టి చూడుడు. దాపటి వైపున కట్టుచున్న దానిని వలపటి వైపునకు మార్చి చూడుడు. రాపిడి తగ్గినచో లోపము తోలులో లేదు, కాడిలో ఉన్నది. మెత్తని తోలు గల ఎద్దు కాడిలోని లోపమును మనకు ముందుగా తెలియజేయుచున్నది, అంతే. గట్టి తోలు గల ఎద్దు అదే లోపమును కొన్ని నెలల తరువాత, మెడ మీద రాయివంటి కాయ కట్టి చూపును. అప్పటికి వైద్యము కష్టమగును.

పుండు ఎట్లు పడును?

సుమారు 400 కిలోల బరువుగల ఎద్దు అలసట లేకుండ నిలకడగా లాగగల శక్తి, దాని బరువులో పదవ వంతు, అనగా 40 కిలోలని చెప్పవచ్చును. ఈ లాగుడంతయు కాడి అడుగున మెడకు తగులు కొద్దిపాటి చోటు మీదనే పడును. ఆ చోటు నాలుగు వేళ్ల వెడల్పునకు బదులు రెండు వేళ్ల వెడల్పే ఉన్నచో, ప్రతి అంగుళము చర్మము మీద ఒత్తిడి రెట్టింపగును. ఒత్తిడి వలన చర్మములోనికి రక్తము సరిగా పారదు. అడుగడుగునకు కాడి కదలుటచే పైపొర రాచుకొని పోవును. ఎండిన చెమటలోని ఉప్పు, దుమ్ము కలిసి గరుకు కాగితమువలె పని చేయును. వానలో తడిసిన మెడ మెత్తబడి ఇంకను త్వరగా చితుకును.

ఎద్దుబండిని, కాడిని బాగు చేయవలెనని బెంగళూరులోని ఐ.ఐ.ఎం. సంస్థకు తొలి డైరెక్టరుగా పనిచేసిన ఎన్.ఎస్. రామస్వామి 1970వ దశకము నుండి ఏండ్ల తరబడి చెప్పుచు వచ్చిరి. ఆ సంస్కరణ నేటికిని మన పల్లెలన్నింటికి చేరలేదు.

ఈనాటి పరిస్థితిలో ఒక కొత్త చిక్కు కూడ ఉన్నది. లోతు దుక్కులు, రవాణా చాల వరకు ట్రాక్టరు చేతికి పోయినవి. ప్రత్తి, మిరప, పొగాకు సాళ్ల మధ్య గుంటక తోలుటకు మాత్రము ఎద్దులు అవసరమగుచున్నవి. అందుచేత ఎద్దు నెలల తరబడి ఊరక నిలిచి, ఒక్కసారిగా పగలంతయు కాడి కింద నడచుచున్నది. పూర్వము ఏడాది పొడుగునా పనిచేసిన మెడ దానంతట అదియే గట్టిపడెడిది. ఇప్పుడు ఆ గట్టిదనము లేదు. వెనుకటివలె కాడిని ఆ ఎద్దు మెడ చూచి చెక్కి యిచ్చు వడ్రంగి కూడ చాల ఊళ్లలో లేడు. కొన్ని చోట్ల ఇనుప గొట్టమునే కాడిగా వాడుచున్నారు. అది గుండ్రముగా ఉండి కొద్ది చోటనే నొక్కును. ఎండలో పెట్టినచో కాలును.

కాడిని పరీక్షించు విధము

పని మొదలు పెట్టుటకు కనీసము పదునైదు రోజులు ముందుగా ఈ క్రింది సంగతులు చూచుకొనవలెను.

1. మెడకు తగులు చోట కాడి కనీసము అరచేతి వెడల్పు ఉండి, మెడ వంపునకు తగినట్లు చెక్కబడి, అంచులు గుండ్రపరచి యుండవలెను. పాత నూలుగుడ్డతో కాడి అడుగును రుద్ది చూడుడు. ఒక్క పోగు తగులుకొన్నను అచ్చట నునుపు చేయవలసిన పని ఉన్నట్లే.

2. మెడకు ఇరువైపుల నుండు చీలలకు, మెడకు నడుమ రెండేసి వేళ్లు దూరునంత సందు ఉండవలెను. సందు లేనిచో మెడ ప్రక్కలు ఒరయును. మరీ ఎక్కువైనచో కాడి అటునిటు జారును.

3. పట్టెడ వెడల్పుగా, చదునుగా ఉండవలెను. సన్నని నైలాను తాడు తోలును కోయును. పట్టెడ క్రింద మూడు వేళ్లు సులువుగా దూరవలెను.

4. జతలో రెండు ఎద్దుల ఎత్తు దాదాపు సమముగా ఉండవలెను. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయినచో కాడి ఒరిగి, దాని అంచు ఒకే చోట నొక్కును.

5. బండికి బరువు ఎక్కించిన తరువాత, ఎద్దులను కట్టక ముందు కాడిని చేతితో ఎత్తి చూడుడు. ఎత్తలేనంత బరువున్నచో సరుకు ముందునకు తూగుచున్నది. ఆ బరువు మెడ మీద పడును. కాడి తనంతట తానే పైకి లేచుచున్నచో సరుకు వెనుకకు తూగుచున్నది. అప్పుడు పట్టెడ గొంతును నొక్కును. సరుకును సర్ది, కొద్దిపాటి బరువు మాత్రమే ముందునకు ఉండునట్లు చేయవలెను.

మెత్త వేయుట మంచిదే. అయితే ఆ మెత్తను మెడ మీద పరచక, కాడికే బిగించి కుట్టవలెను. మెడ మీద వేసిన గోనెపట్టా జారి ముడుత పడి, ఆ ముడుతయే పుండుకు కారణమగును. తడిసిన మెత్తను ఎండబెట్టకుండ మరునాడు వాడరాదు.

మెడను సిద్ధపరచుట

కొత్త ఎద్దును గాని, చాలకాలము విశ్రాంతిలో నున్న ఎద్దును గాని మొదటి రోజుననే పూర్తి పనికి కట్టరాదు. మొదట అరగంట ఉత్త కాడితో నడిపించి, రెండు మూడు రోజులకు తేలిక పని చేయించి, పది పదునైదు రోజులలో క్రమముగా పూర్తి పనికి తేవలెను. మెత్తని తోలు గల ఎద్దుకు ఇంకొక వారము ఎక్కువ పట్టినను తొందరపడరాదు.

కాడి విప్పిన వెంటనే మెడను అరచేతితో తడిమి చూచుట అలవాటు చేసికొనుడు. ఒక చోట వేడిగా తగిలినను, వెండ్రుకలు రేగియున్నను, చేయి తగులగానే ఎద్దు మెడ తిప్పినను, పుండు రాబోవుచున్నదని అర్థము. చెమటను, దుమ్మును నీటితో కడిగి తుడిచి ఆరనివ్వవలెను. ఈ పని ఐదు నిమిషములకు మించదు. ఇంటిలో పిల్లలకు కూడ దీనిని నేర్పవచ్చును.

పుండు పడినపుడు

మెడ వాచి వేడిగా ఉన్నచో ఆ రోజే కాడి మానిపించవలెను. మొదటి రోజున చన్నీటిలో తడిపిన గుడ్డను పావుగంట చొప్పున మూడు నాలుగు సార్లు వేయుడు. మరునాటి నుండి గోరువెచ్చని ఉప్పునీటి కాపడము మేలు చేయును. వాచిన చోటును పిసుకరాదు, మర్దన చేయరాదు.

తోలు లేచి పచ్చిపుండు అయినచో, ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో సుమారు 9 గ్రాముల ఉప్పు, అనగా ఒకటిన్నర చిన్న చెంచాలు, కలిపి దానితో కడుగవలెను. పిదప పోవిడోన్ అయోడిన్ రాయవచ్చును. ఈగలు వాలకుండ పుండు చుట్టును వేపనూనె పూయవచ్చును. పురుగులు పడినచో ఆలస్యము చేయక పశువైద్యునికి చూపవలెను. చీము పట్టిన వాపును ఇంటివద్ద కత్తితో కోయరాదు. గట్టిపడి కాయ కట్టినదానికి శస్త్రచికిత్స అవసరము కావచ్చును. బూడిద, పేడ, కిరోసిన్, పాడైన ఇంజను నూనె పుండు మీద వేయుట, వాతలు పెట్టుట పుండును ముదురబెట్టునే కాని మాన్పవు.

నొప్పికి సూదిమందు పశువైద్యుడే నిర్ణయించవలెను. పశువులకు డైక్లోఫినాక్ వాడుటను ప్రభుత్వము 2006లో నిషేధించినది. ఆ మందు పడిన పశువు కళేబరమును తిన్న రాబందులు చనిపోవుటయే ఇందుకు కారణము. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్ మందులు కూడ 2023లో పశువుల విషయమున నిషేధింపబడినవి. మెలాక్సికామ్ వంటి క్షేమమైన మందు ఉండగా వీటిని అడుగరాదు.

మెడ మీది పుండ్లన్నియు కాడి వలన కలిగినవి కావు. మూపురము మీద దురదతో, పెచ్చులు కట్టి, కాడి తగులని చోట కూడ వ్యాపించు పుండు కన్పించినచో, అది ఈగల ద్వారా చేరు సన్నని పురుగు వలన వచ్చిన వ్యాధి కావచ్చును. దానికి మందు వేరు, పశువైద్యునికే చూపవలెను.

బండి లాగు గుర్రములు, బరువు మోయు గాడిదలు గలవారికి కూడ ఈ సూత్రమే వర్తించును. పొట్ట క్రింద బిగించు పట్టీ వెడల్పుగా, శుభ్రముగా ఉండి, ముంగాళ్ల వెనుక చర్మము ముడుత పడకుండ కట్టవలెను. పట్టీ కట్టిన పిదప ముంగాళ్లను ఒక్కొక్కటిగా ముందునకు చాపినచో ఆ ముడుత విడిపోవును. గుర్రమునకు ధనుర్వాతము త్వరగా సోకును గనుక, ఎంత చిన్న పుండైనను టీకా సంగతి వైద్యునితో మాట్లాడవలెను.

అదునులో విశ్రాంతి ఎట్లు?

"అదునులో ఎద్దును నిలిపిన పైరు గతి ఏమి?" అని మీరు అడుగవచ్చును. ఈ ప్రశ్న న్యాయమైనదే. కాని పుండు మీద కాడి వేసిన ఎద్దు సగము లాగును, ప్రక్కకు తొలగును, జతను చెడగొట్టును. పగలు రాచుకొనుట వలన రాత్రి పుట్టిన కొత్త చర్మము మరల ఊడిపోవును. ఆ విధముగా వారములో మానవలసిన పుండు నెలల తరబడి నిలుచును. సంతలో ఆ ఎద్దు వెల కూడ పడిపోవును. ఇరుగుపొరుగు రైతులు ఎద్దులను మార్చుకొని ఒకరి చేలో ఒకరు పని ముగించుకొనుట మన పల్లెలకు కొత్త కాదు. అది కుదరని చోట ఆ నాలుగు రోజులకు యంత్రమును బాడుగకు తెచ్చుకొన్నను, ఎద్దును పోగొట్టుకొనుట కంటె నష్టము తక్కువే.

చట్టము కూడ ఇదే చెప్పుచున్నది. పుండు వలన పనికి తగని పశువుచేత పని చేయించుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరము. 1965 నాటి నిబంధనల ప్రకారము బండి లాగు పశువుచేత రోజుకు 9 గంటలకు మించి గాని, విశ్రాంతి లేకుండ వరుసగా 5 గంటలకు మించి గాని పని చేయించరాదు. ఎండ 37 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన చోట మధ్యాహ్నము 12 గంటల నుండి 3 గంటల వరకు కట్టరాదు. అయితే రైతును చట్టముతో భయపెట్టుట నా ఉద్దేశము కాదు. నియమము పెట్టినంత మాత్రాన కాడి వెడల్పు కాదు. ఆ పనికి ఊరిలో ఒక ఏర్పాటు కావలెను.

గ్రామ స్థాయి ఉద్యోగులకు నా మనవి ఇది. ప్రతి ఏట తొలకరికి ముందు ఒక రోజును కాడి పరీక్షకు కేటాయించుడు. రైతులు జతలను, కాడులను తీసికొని ఒక చోటికి రావలెను. పశువైద్య సిబ్బంది మెడలు చూడవలెను. ప్రక్క ఊరినుండియైనను ఒక వడ్రంగిని పిలిపించి అక్కడికక్కడే కాడులను చెక్కించవలెను. ఒక్కొక్క కాడికి అగు కూలిని రైతులు పంచుకొన్నచో ఎవరికిని భారము కాదు. టీకాలకు, విత్తనములకు రోజులు కేటాయించుకొనుచున్న ఊరికి ఇది అసాధ్యమైనది కాదు.

ఇంకొక మాట. మన ఊళ్లలో బండ లాగుడు పోటీలు జరుగుచున్నవి. ఎక్కువ దూరము లాగిన జతకు బహుమతి వచ్చుచున్నది. అదే తిరునాళ్లలో, ఏడాదంతయు సేద్యము చేసియు మెడ మీద మచ్చలేని జతకు కూడ ఒక బహుమతి పెట్టుడు. ఎద్దు బలమును మెచ్చుకొనుటతోపాటు దానిని కాపాడిన రైతు శ్రద్ధను కూడ మెచ్చుకొన్నట్లగును.

ఈ వారములోనే చూరు క్రింద నున్న కాడిని దించి, దాని అడుగున చేయి పెట్టి చూడుడు. మీ అరచేతికి గరుకుగా తగిలిన చోటు, రేపు ఎద్దు మెడకు పుండు పడు చోటు. దానిని నేడే చెక్కించినచో అదునులో మీ ఎద్దులు మీ చేలోనే ఉండును.