కన్నమదాసు ముఖానికి ఏ రంగు?

ఈ వార్షికోత్సవం కోసం హాస్టల్ తమ్ముళ్లతో కలిసి పాత విద్యార్థులం మేము రెండడుగుల కన్నమదాసు బొమ్మ చేశాం. చేర్యాల నకాషీ కళాకారుల పద్ధతే. రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్ద, ఆరాక పైన తెల్లపూత. కత్తి, డాలు, తలపాగా అన్నీ కుదిరాయి. గొడవంతా ముఖం దగ్గరే వచ్చింది.

12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో కన్నమదాసు బ్రహ్మనాయుడి సేనాని. మాల కులస్థుడు. చాపకూడు పెట్టి అన్ని కులాలను ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడు ఆయన్ను కొడుకుగా చూసుకున్నాడని కథ. కారంపూడిలో ఆ వీరులకు నేటికీ ఏటా కార్తీకంలో ఉత్సవం చేస్తారు. అయినా పీజీకి వచ్చేదాకా ఈ పేరు మా చెవిన పడలేదు. ఇంట్లో మొదటి డిగ్రీ మాదే, చెప్పేవాళ్లు లేరనుకుందాం. మరి బాలచంద్రుడు, నాగమ్మ మాకు బడిలోనే ఎలా తెలిశారు?

రాందాస్ చౌరస్తాకు వెళ్లి ఒక దుకాణంలో 'స్కిన్ కలర్' అడిగితే గులాబీ రంగు డబ్బా చేతిలో పెట్టారు. ఎనిమిదో తరగతి తమ్ముడు మూత తీసి, పక్కన తన చెయ్యి పెట్టి "అన్నా, గిది ఎవల తోలు?" అన్నాడు. అందరం నవ్వాం. ఆ డబ్బా పక్కన పెట్టి, జాజులో పసుపు, కొంచెం నలుపు కలిపి ఆ తమ్ముడి చేతిని చూస్తూనే రంగు తయారు చేశాం.

చిన్న బొమ్మకైతే రెండు చుక్కలు పెడితే కళ్లయిపోతాయి. రెండడుగుల బొమ్మకు అలా కుదరదు. ముందు ముదురు పూత వేసి, నుదురు, ముక్కు, దవడ ఎముక మీద లేత రంగు అద్దాలి. మొదట తెలియక తెల్లరంగు కలిపాం. ముఖం బూడిద పూసినట్టయింది. తెలుపు మానేసి పసుపు కలిపాకే కళ వచ్చింది. కత్తికి నలుపు వేసి, దాదాపు ఆరిన బ్రష్‌తో వెండి రంగు పైపైన రుద్దాం.

చూసిన పెద్దలు కొందరు "అతిథులొస్తారు, కొంచెం తెల్లగా చెయ్యండి" అన్నారు. చేర్యాల పటాల్లో ముదురు గోధుమ రంగు రాక్షసులకు వేయడం ఆనవాయితీ. ఆ కన్నుతోనే చూశారేమో. ఒక మిత్రుడి అభ్యంతరం వేరు: "నల్లగా వేస్తే మాలవాళ్లంటే నల్లవాళ్లేనని మనమే ఒప్పుకున్నట్టు కాదా?" ఇది ఆలోచించాల్సిన మాటే. మా హాస్టల్లో అన్ని రంగుల వాళ్లూ ఉన్నారు. కన్నమదాసు రంగు ఇదేనని రుజువు చేయడం ఎవరి తరమూ కాదు. కానీ తెలుపుకు మాత్రం ఎవరూ రుజువు అడగలేదే!

జర్మనీలోని మాగ్డెబర్గ్ కెథడ్రల్‌లో 1240 ప్రాంతంలో చెక్కిన సెయింట్ మారిస్ శిల్పం ఉంది. ఒంటిమీద యూరప్ నైట్ తొడిగే ఇనుప గొలుసుల కవచం, ముఖం మాత్రం నల్ల ఆఫ్రికా మనిషిది. ఆనాటి చర్చికి అడ్డురాని రంగు మన స్టేజీకి అడ్డమా?

బొమ్మకు మళ్లీ రంగు వేయకూడదని మా అభిప్రాయం. వార్షికోత్సవం నాడు ఇలాగే స్టేజీ మీద పెడతాం. గులాబీ డబ్బా కూడా వృథా పోలేదు, తలపాగాకు సరిపోయింది.