దావా బహిరంగం, దస్తావేజు రహస్యం

ఇరువురు రైతుల మధ్య గట్టు తగాదా కోర్టుకెక్కినపుడు పట్టా, అడంగలు, క్రయ దస్తావేజు ఎదుటి పక్షం చేతికి వెళ్లినందువల్ల భూమికి వచ్చే నష్టమేమీ ఉండదు. రెండు కంపెనీల వ్యాజ్యంలో అలా కాదు. ఔషధ తయారీ విధానమో, ముడిసరుకు కొనుగోలు ధరో, ఖాతాదారుల జాబితానో పోటీదారు కంటబడితే ఆ తరువాత దావా గెలిచినా ప్రయోజనం స్వల్పం. అలాగని తనకు వ్యతిరేకంగా దాఖలైన కాగితమేమిటో చూడకుండా ప్రతివాది జవాబు చెప్పుకోవడమూ అసాధ్యం. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలన్న విషయంలో మన న్యాయస్థానాలు గత దశాబ్దంగా తడబడుతూనే ముందుకు సాగుతున్నాయి.

చట్టం తొలుత మొగ్గు చూపినది వెల్లడి వైపే. లా కమిషన్ 253వ నివేదిక ఆధారంగా 2015లో వచ్చిన వాణిజ్య న్యాయస్థానాల చట్టం, సివిల్ ప్రక్రియా స్మృతిలోని ఆర్డరు 11ను వాణిజ్య వ్యాజ్యాల మేరకు పూర్తిగా తిరగరాసింది. వివాదంతో సంబంధమున్న పత్రాలన్నింటినీ, అవి తన వాదనకు అనుకూలమైనా ప్రతికూలమైనా సరే, ఉభయ పక్షాలూ ఆరంభంలోనే బయటపెట్టాలి. ఇంతకు మించి తమ వద్ద లేవని ప్రమాణపూర్వకంగా చెప్పాలి. ప్రతివాది లిఖితపూర్వక జవాబు దాఖలైన 30 రోజులలో పరస్పర పరిశీలన ముగియాలి. కోర్టు అనుమతిస్తే మరో 30 రోజుల గడువు లభిస్తుంది. కావాలని దాచినవారిపై భారీగా ఖర్చులు విధించే అధికారమూ కోర్టుకు ఉంది. అనుకూలమైన కాగితాన్ని మాత్రమే చూపి, మిగిలినది బీరువాలో ఉంచే పాత అలవాటుకు ఇది గట్టి దెబ్బే.

అయితే వెల్లడి బాధ్యత పెరిగిన కొద్దీ రహస్యం పేరిట మినహాయింపు కోరడమూ పెరిగింది. దీనికి ఢిల్లీ హైకోర్టు తన 2018 ఒరిజినల్ సైడ్ నియమాలలో ఒక ఏర్పాటు చేసింది. దానికి కాన్ఫిడెన్షియాలిటీ క్లబ్ అని పేరు. క్లబ్ అన్న మాట విని పేకాట బల్లలను ఊహించుకోనక్కరలేదు. రహస్యమని కోర్టు అంగీకరించిన పత్రాలు సీల్డు కవరులో రిజిస్ట్రార్ జనరల్ భద్రతలో ఉంటాయి. ఒక్కొక్క పక్షం తరఫున ముగ్గురికి మించకుండా న్యాయవాదులు, ఇద్దరికి మించకుండా బయటి నిపుణులు మాత్రమే వాటిని చూడవచ్చు. నకళ్లు తీసుకోరాదు. కంపెనీ జీతంపై పనిచేసే న్యాయ సలహాదారులకు ఇందులో ప్రవేశం లేదు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. న్యాయవాది చూసిన దానిని కక్షిదారుతో చెప్పరాదంటే, ఆ కక్షిదారు న్యాయవాదికి ఏమని సూచన ఇవ్వగలడు? రాజీకి రావాలో పోరాడాలో దేనిని బట్టి నిర్ణయించుకోగలడు?

ఈ ప్రశ్న 2020లో సూటిగా ఎదురయింది. మొబైల్ ఫోన్ల సాంకేతిక పేటెంట్లు గల అమెరికా సంస్థ ఇంటర్‌డిజిటల్, చైనా సంస్థ షావోమీపై ఢిల్లీ హైకోర్టులో దావా వేసింది. ఇటువంటి పేటెంట్లకు న్యాయమైన, సహేతుకమైన, వివక్ష లేని రుసుము మాత్రమే వసూలు చేయాలన్నది నియమం. వివక్ష ఉన్నదీ లేనిదీ తేలాలంటే ఇతర తయారీదారులతో కుదిరిన లైసెన్సు ఒప్పందాలతో పోల్చి చూడక తప్పదు. వాటిని రెండంచెలుగా విభజించి, లోపలి అంచెలోనివి న్యాయవాదులకు, నిపుణులకు తప్ప షావోమీ ప్రతినిధులకు చూపరాదని ఇంటర్‌డిజిటల్ కోరింది. ఆ ఏడాది డిసెంబరులో న్యాయమూర్తి ముక్తా గుప్తా ఈ అభ్యర్థనను తోసిపుచ్చారు.

ఆ నిర్ణయం సబబేనని చెప్పాలి. ఒప్పందంపై సంతకం చేసిన వాదికి అందులోని ప్రతి అంకె తెలుసు. రుసుము చెల్లించవలసిన ప్రతివాదికి మాత్రం తెలియకూడదనడం తూకపు రాళ్లను ఒకరి చేతిలోనే ఉంచడం వంటిది. అయితే వాది భయం నిరాధారమనీ కొట్టివేయలేము. ప్రత్యర్థి సంస్థలు ఎంత చెల్లిస్తున్నాయో ఒకసారి తెలుసుకున్న అధికారి రేపటి బేరసారాలలో దానిని మరచిపోయి కూర్చోలేడు. అందుకే పత్రాలు చూసిన ప్రతినిధి కొంతకాలం లైసెన్సు సంప్రదింపులలో పాల్గొనరాదన్న ఆంక్షను ఇంగ్లండు కోర్టులు విధించిన సందర్భం ఉంది. పెద్ద సంస్థకు ఇది భారం కాదు. యజమానే బేరగాడూ, ఇంజనీరూ అయిన చిన్న సంస్థ ఎవరిని పంపుతుంది?

ఢిల్లీ హైకోర్టు 2022 పేటెంటు వ్యాజ్యాల నియమాలు కొంత సడలింపు ఇచ్చాయి. కంపెనీ సొంత న్యాయవాదులకు, నామినేట్ చేసిన ప్రతినిధులకు కూడా క్లబ్బులో చోటు కల్పించవచ్చునన్నాయి. కాగా, కంపెనీ ఉద్యోగి అయిన న్యాయ సలహాదారుకు కోర్టులో ప్రాక్టీసు చేసే అడ్వకేటుతో సమానమైన గోప్యతా రక్షణ లభించదని సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో స్పష్టం చేసింది. అంటే ఎదుటి పక్షం రహస్యం చూసేందుకు అతనిని నమ్మవచ్చు గాని, యజమానితో అతను నడిపిన ఉత్తర ప్రత్యుత్తరాలు మాత్రం తనిఖీకి అతీతం కావన్నమాట!

హైదరాబాదు ఔషధ పరిశ్రమకు ఇది దూరపు విషయం కాదు. పేటెంటు వ్యాజ్యాలలో తరచూ ప్రతివాదులుగా నిలిచే సంస్థలలో ఇక్కడివి అనేకం. తయారీ విధానంపై పేటెంటు ఉన్నపుడు, తాము వేరే విధానం అనుసరిస్తున్నామని రుజువు చేసుకునే భారం కొన్ని పరిస్థితులలో ప్రతివాదిపైనే పడుతుంది. అలా రుజువు చేసుకునే క్రమంలో తయారీ రహస్యాలను అసమంజసంగా బయటపెట్టించరాదని పేటెంట్ల చట్టం 104ఏ సెక్షను హెచ్చరిస్తోంది. ఏది అసమంజసమో తేల్చే పని న్యాయమూర్తికి వదిలింది.

ఆ న్యాయమూర్తి చేతిలో ఉన్న సాధనాలు మాత్రం అంతటా ఒక్కటి కావు. ఢిల్లీ నియమాలు ఆ హైకోర్టుకే పరిమితం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టులకు సాధారణ సివిల్ దావాలను నేరుగా విచారించే అధికారం లేనందున ఇక్కడి కంపెనీల తగాదాలు కింది స్థాయి వాణిజ్య కోర్టులలో మొదలవుతాయి. 2018 సవరణతో 3 లక్షల రూపాయల విలువగల వివాదాలు కూడా ఆ పరిధిలోకి వచ్చాయి. అక్కడ రహస్య పత్రం ఎదురైతే న్యాయమూర్తి సివిల్ స్మృతి 151వ సెక్షను కింద గల స్వతస్సిద్ధ అధికారాన్ని ఆశ్రయించవలసి ఉంటుంది. వ్యాపార రహస్యాల రక్షణకు ప్రత్యేక చట్టం కావాలంటూ లా కమిషన్ 2024 మార్చిలో తన 289వ నివేదికతోపాటు ముసాయిదా బిల్లును కూడా కేంద్రానికి అందజేసింది.

కంపెనీ న్యాయవాదులు ఈలోగా చేయదగినది ఒకటుంది. దస్త్రం మొత్తానికి రహస్యమని ముద్ర కొట్టి సీల్డు కవరులో పెట్టే బదులు, ఏ పేజీలో ఏ అంకె ఎందుకు రహస్యమో ప్రమాణ పత్రంలో వివరించి, ఆ అంకెలపై మాత్రమే నల్లగీత గీసిన ప్రతిని ఎదుటి పక్షానికి ఇవ్వడం. అలా ఇచ్చినపుడు నల్లగీత కింద ఉన్నదేమిటో కోర్టు స్వయంగా చూసి, కారణాలతో ఉత్తర్వు ఇవ్వడానికి పట్టే సమయం ఎక్కువేమీ కాదు.