గోటంత గీతకు ట్యాంకు మొత్తం మార్చాలా?



మొన్న జుమ్మా నమాజు చదివి బయటికొచ్చి చూస్తే, పక్కన ఇరికించి పెట్టిన బండి హ్యాండిల్ నా మోటార్‌సైకిల్ ట్యాంకును గీరేసి ఉంది. వేలెడంత గీత. గోరుతో తడిమితే గోరు దిగింది, అడుగున ఇనుము కనబడుతోంది. అది మా అబ్బాజాన్ బండి. బంకులో పెట్రోలు చుక్క ట్యాంకు మీద పడితే జేబురుమాలు తీసి తుడిచేవారాయన. ఆయన ఇంతెకాల్ తర్వాత నా రోజీ రోటీ దాని మీదే.

షోరూముకు వెళ్లాను. "ఈ ఎరుపు చిన్న సీసా ఒకటి ఇప్పించండి" అన్నాను. "రంగు విడిగా రాదు సార్. ట్యాంకు మార్చుకోండి, లేదంటే మొత్తం పెయింట్ చేయిద్దాం" అన్నాడు. చెప్పిన రేటు మా ఇంటి నెల రేషన్‌ను దాటిపోయింది. ఇదెక్కడి ఇన్సాఫ్? చొక్కా గుండీ ఊడితే చొక్కా మార్చమంటారా?

వాళ్ల జవాబు నాకు తెలుసు. "టచప్ పూర్తిగా మ్యాచ్ కాదు, మీరే మళ్లీ షికాయత్ చేస్తారు" అంటారు. జనాబ్, నేనడిగింది కొత్త పెళ్లికూతురి ముస్తాబు కాదు. తుప్పు ఆగాలి, అంతే. విజయవాడ ఉక్కపోతలో, వానాకాలంలో బయటపడ్డ ఇనుము ఎన్నాళ్లు ఆగుతుంది? ఈ రోజు గీత, రేపు తుప్పు, ఆ తర్వాత ట్యాంకుకు చిల్లు. అప్పుడు నిజంగానే ట్యాంకు కొనాలి. ఫాయిదా ఎవరికో వేరే చెప్పాలా?

నా గలతీ కూడా ఒప్పుకుంటాను. కోపంలో హార్డ్‌వేర్ దుకాణంలో ఎర్ర స్ప్రే డబ్బా కొన్నాను. మూత రంగు చూసి అదే అనుకున్నా. అట్టముక్క మీద కొట్టి చూస్తే ఇటుక రంగు! ఎరుపు అంటే ఒకటే ఎరుపు కాదని అప్పుడు తెలిసింది.

చివరికి ఆటోనగర్‌లో లారీలకు రంగులేసే ఒక చాచా దగ్గరికి పోయాను. ఆయన సీటు ఎత్తి, ఫ్రేము మీద దుమ్ము తుడిచి ఒక స్టిక్కర్ చూపించారు. అందులో రంగు కోడ్! "బేటా, బండి తన షనాఖ్త్ తానే మోసుకు తిరుగుతోంది. నువ్వు అడగలేదు, వాళ్లు చెప్పలేదు" అన్నారు. నా గుస్సా రెట్టింపయింది. కోడ్ వాళ్ల దగ్గరుంది, రంగు వాళ్లదే, బండి అమ్మింది వాళ్లే. సీసాలో పోసి అమ్మడానికి ఏం తక్లీఫ్? కార్ల వాళ్లకు టచప్ పెన్నులు దొరుకుతున్నాయి. బైకు వాడి జేబులో డబ్బు డబ్బు కాదా?

చాచా చెప్పిన అసలు సంగతి ఇది. కోడ్ చెప్పేది బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు రంగు. ఎండకు ట్యాంకు పైభాగం వెలిసిపోతుంది. సీటు కింద దాగిన రంగు, పైరంగు రెండూ పక్కపక్కన చూసి కలపాలి. మెటాలిక్ అయితే లోపలి మెరుపు రేణువులు బ్రష్‌తో ఒకలా, గన్‌తో ఇంకోలా పడతాయి. "కలిసిపోతుందని ఝూట్ చెప్పను. తుప్పు రానివ్వనని జిమ్మా తీసుకుంటా" అన్నారు. వాటర్ పేపర్‌తో రుద్ది, ప్రైమర్ పెట్టి, పల్చగా రెండు మూడు పూతలు వేసి, పెట్రోలు పడినా కరగకుండా హార్డెనర్ కలిపిన క్లియర్ కోట్ వేశారు. దగ్గరికెళ్లి వెతికితే మచ్చ కనబడుతుంది. నాకు అది చాలు.

మరమ్మతు మన హక్కు అని సర్కారే అంటోంది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దీని మీద కమిటీ వేసింది, అందులో వాహనాల రంగాన్నీ చేర్చింది. అదే డిసెంబరులో పోర్టల్ కూడా తెచ్చింది. మరి నాకు ఆ హక్కు షోరూము కౌంటరు దాకా ఎందుకు రాలేదు?

అందుకే నా గుజారిష్. బండి కొనేటప్పుడే రంగు కోడ్ అడగండి, ఆర్‌సీ జిరాక్సు మీద రాసి పెట్టుకోండి. గోరు దిగని గీతకు రంగే అక్కర్లేదు, పాలిష్ సరిపోతుంది. గోరు దిగితే జాప్యం చేయకండి. షోరూములో "రాదు" అంటే ఖామోష్‌గా తిరిగి రాకండి, అదే మాట కాగితం మీద రాసివ్వమనండి. పదిమంది అడిగితే సిగ్గుపడతారు, వందమంది అడిగితే సీసా వస్తుంది.

ఇక మసీదు దగ్గర బండ్లు ఇరికించే భాయీలకు ఒక్క మాట: గీరితే ఆగి, చెప్పి వెళ్లండి. రంగు కలపడం కష్టమే. మాఫీ అడగడం అంత కష్టం కాదు.

ఖుదా హాఫిజ్.