వార్తాపఠనం – మన విద్యార్థులు

టెలివిజన్ తెరపై వార్తలు చదివేవారి రూపానికి ముచ్చటపడే విద్యార్థులు దాని వెనుకనున్న సాధనను గమనించాలి. 1983 నవంబరు 14న హైదరాబాదు దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారికి నాడు టెలీప్రాంప్టర్ సదుపాయం లేదు. వార్తలను కంఠస్థం చేసి, ప్రేక్షకుల వంక చూస్తూ తడబాటు లేకుండా చెప్పేవారు. 2011లో పదవీ విరమణ చేసి, 2024లో కీర్తిశేషులైనా, ఆ ఉచ్చారణను తెలుగువారు మరువలేదు.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల మన విద్యార్థులలో అనేకులకు ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు సహజంగా అలవడ్డాయి. యాస అడ్డమని వెనుకాడేవారు ఈ రెండు భాషల సంపదను గుర్తించాలి. వారానికొకనాడు విద్యార్థులే రెండింటిలోను వార్తలు సేకరించి, నిజానిజాలు విచారించి, సభలో కాగితం చూడకుండా చెప్పే ఏర్పాటు చేయవలసిందిగా కళాశాల కమిటీవారికి మనవి.