పారని ఏటికి చట్టమెందుకంటారా?

మొన్న తరగతిలో నదుల సంరక్షణ గురించి మాట్లాడమన్నారు మా టీచరు. నేను ఉత్తర పినాకిని పేరు చెప్పగానే వెనక బెంచీలోంచి ఒకడు, "అదేం నదిరా, అందులో నీళ్లేవి? ఇసుకకు చట్టమా?" అన్నాడు. అందరూ నవ్వినారు. ఆ రోజు నాకు జవాబు తోచలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మన ఏరు నంది కొండల్లో పుట్టి, గౌరిబిదనూరు దాటి, హిందూపురం వైపు ఆంధ్రలోకి పోయి, మళ్లీ మన పావగడ తాలూకాలోకి వస్తుంది. నాగలమడికె దాటినాక తిరిగి ఆంధ్రలో పేరూరు డ్యాం చేరుతుంది. అక్కడి నుంచి కడప, నెల్లూరు, సముద్రం. మొత్తం 597 కిలోమీటర్లు. నెల్లూరువాళ్లకు అది పెన్న, మనకు ఉత్త 'ఏరు'. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండే ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ 2022 వానల్లో నాగలమడికె ఆనకట్ట మీద నీళ్లు దూకినప్పుడు మనమంతా చూడడానికి పోలేదా? ఆ నవ్వినవాడూ వచ్చినాడు. ఫోటోలు కూడా దిగినాడు.

మా జేజి పుట్టినూరు ఏటి ఒడ్డున ఉంది. ఆమె చిన్నప్పుడు ఎండాకాలంలో ఇసుకలో మోచేతి లోతు తవ్వితే చెలమలో తేట నీళ్లు ఊరేవట. చెంబుతో ముంచి, గుడ్డలో వడగట్టి కడవ నింపుకొనేవాళ్లు. పైన ఎండిన ఇసుక మూతలాగా ఉంటుంది. కింద గింజల మధ్య సందుల్లో నీళ్లు దాగి ఉంటాయి, ఎండకు అంత సులభంగా ఆవిరి కావు. ఒడ్డు బావులకు ఊట అక్కడి నుంచే. అంటే ఇసుక పోతే ఏటి కుండే పగిలినట్టు. ఇప్పుడు జేజి ఊర్లో రాత్రిపూట ట్రాక్టర్లు ఏట్లోకి దిగుతాయి. కొన్ని చోట్ల అడుగు బండ బయటపడింది. చెలమ తవ్వుదామన్నా తవ్వేందుకు ఇసుక లేదు. బావులు ఎండినాక బోర్లు వేసినారు. లోతుకు పోయేకొద్దీ ఫ్లోరైడు. పావగడ నీళ్ల ఫ్లోరైడు సంగతి మీకు నేను చెప్పాలా? మన తరగతిలో పచ్చగీతల పళ్లు ఎంతమందికి ఉన్నాయో లెక్కపెట్టండి.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. మా ఇల్లు కట్టినప్పుడు కూడా ఏటి ఇసుకే తోలించినాము. నాయన రసీదు అడగలేదు, వాళ్లు ఇవ్వలేదు. కాబట్టి ఎవరినో దొంగ అనడానికి నేను ఇది రాయడం లేదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 5 హెక్టార్ల లోపు తవ్వకానికైనా పర్యావరణ అనుమతి ఉండాలని సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో చెప్పింది. కానీ ఆ నియమాలన్నీ ఇసుకను ఖనిజంగా చూస్తాయి. ఎంత తవ్వొచ్చు, ఎవరు తవ్వొచ్చు అనేదే వాటి లెక్క. నీళ్ల ఒప్పందాలూ అంతే. 1892లో మైసూరు, మద్రాసు రాసుకున్న ఒప్పందంలో మన ఉత్తర పినాకిని పేరు ఉంది. ఎందుకుంది? పై వాళ్లు కొత్తగా ఏదైనా కడితే కింది వాళ్ల వాటా తగ్గుతుందని. ఏటికి ఏం మిగలాలి అని అడిగినవాళ్లు అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు.

అమెరికాలో అడిగినారు. 1968 అక్టోబరు 2న, మన గాంధీ జయంతి రోజునే, అక్కడ ఒక చట్టం వచ్చింది. అందమైన, స్వేచ్ఛగా పారే నదులను గుర్తించి, అక్కడ కొత్త డ్యాములు కట్టకుండా, ఒడ్లు చెడకుండా కాపాడే చట్టం అది. మొదట 8 నదులు, ఇప్పుడు 200కు పైనే. నది మొత్తమే ఉండాలని లేదు, ఒక ముక్కను కూడా చేర్చుకోవచ్చు. మన దేశంలోనూ దగ్గరిది ఒకటి జరిగింది. గోముఖ్ నుంచి ఉత్తరకాశి వరకు భాగీరథి లోయను 2012 డిసెంబరులో పర్యావరణ సున్నిత ప్రాంతంగా ప్రకటించినారు. గంగమ్మకు ఉన్న పేరు మన ఏటికి లేదు, నిజమే. కానీ దేవనహళ్లి దగ్గర నల్లూరు చింతతోపుకు ఏం పేరుంది? దాన్ని 2007లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించినారు, దేశంలోనే మొదటిది. చింతచెట్లకు దొరికిన కాపుదల, అంత్య సుబ్రహ్మణ్యస్వామి గుడి పక్కన పారే ఏటికి ఎందుకు దొరకదు?

"అంత భూమిని ఎవరు కాపాడుతారు" అంటారు. మన ఊరి చుట్టూ చూడండి. తిరుమణి, వల్లూరు, బలసముద్రం, రాయచెర్లు, మన క్యాతగానచెర్లు, అయిదూళ్లలో 13,000 ఎకరాలు సోలార్ పార్కుకు కౌలుకు తీసుకున్నారు. 2,050 మెగావాట్లు. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. ఆ డబ్బుతో ఎన్నో ఇండ్లు నడుస్తున్నాయి, నేను కాదనను. ఎండను పట్టుకోవడానికి ఇన్ని వేల ఎకరాలకు సర్వే చేసి, హద్దులు పెట్టి, కంచె వేసి, కాపలా పెట్టగలిగినవాళ్లు, ఏటి ఒడ్డుకు నాలుగు హద్దురాళ్లు నాటలేరా?

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో ఒక సమితి ఉండాలి. ఊర్లో ఉన్న జీవజాలాన్ని రిజిస్టరులో రాయడం దాని పని. వారసత్వ స్థలం కావాలని అడగాలంటే అక్కడ మొదలుపెట్టొచ్చు. ఏటి పక్క పంచాయతీలకు ఒక అర్జీ రాసినాను. ఇసుక, చెలమలు, ఒడ్డున ఉన్న కానుగ చెట్లు, వానాకాలం వచ్చే కొంగలు అన్నీ ఆ రిజిస్టరులోకి ఎక్కించమని, నాగలమడికెకు పైనా కిందా ఏటి ముక్కను కాపాడమని సర్కారును కోరమని అందులో ఉంది. ఆంధ్ర వైపు ఊర్లవాళ్లు కూడా అడగాలి. ఇసుకకు గడి తెలియదు కదా.

అర్జీ కన్నడంలో ఉండాలి కాబట్టి మా కన్నడ సారుతో తప్పులు దిద్దించుకుంటున్నాను. నవ్వినవాడు మాత్రం నిన్న వచ్చి, వాళ్ల మామ ఊరు కూడా ఏటి ఒడ్డేనని, అక్కడ సంతకాలు తాను పెట్టిస్తానని చెప్పినాడు. మన ఊర్లో ఆదివారం పొద్దున మేము ఇంటింటికీ వస్తాము.