పద్దులో గది అద్దె
సెక్స్ వర్కర్లలో హెచ్‌ఐవీ నివారణ అనగానే చాలామందికి కండోమ్ ఖర్చే గుర్తొస్తుంది. నిజానికి అందులో చవకైనది అదే. 2003లో గేట్స్ ఫౌండేషన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా 6 రాష్ట్రాల్లో మొదలుపెట్టిన ‘ఆవాహన్’ నివారణ కార్యక్రమం ఖర్చులనే తీసుకోండి. బస్టాండు వెనక, లాడ్జి మెట్ల దగ్గర మాట కలిపే తోటి మహిళకు గౌరవ వేతనం, సుఖవ్యాధుల క్లినిక్, పోలీసులు పట్టుకెళ్తే అర్ధరాత్రి పరుగెత్తే మనిషి, పగలు స్నానం చేసి కాసేపు నడుం వాల్చడానికో అద్దె గది. నిధులు తగ్గితే ముందు అందరి కళ్లూ పడేది ఆ గది మీదే. విలాసమట! గది మూసేస్తే క్లినిక్‌కు వచ్చేవాళ్లు తగ్గుతారు. డాక్టరు జీతం మాత్రం తగ్గదు. తలసరి ఖర్చు పెరిగిందంటూ మళ్లీ కోత. తర్వాత ఆవాహన్ బాధ్యత దశలవారీగా ప్రభుత్వానికి చేరింది. ఇప్పుడు బేరాలు ఫోన్లలోకి మారాయి, ఆ మహిళలను వెతికి పట్టుకోవడమూ కష్టమైంది. ఆ వెతుకులాటకయ్యే కొత్త ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదే ఈ సంచిక ముఖచిత్ర కథనం.